చలికాలానికి చిక్కటి చిల్లీ: ఎండుమిర్చి నానబెట్టడం నుంచి మర్నాటి బౌల్ దాకా

చిల్లీ కాన్ కార్నే, వాడుకలో ఉత్త చిల్లీ. ఎండుమిర్చి ముద్దలో మాంసాన్ని గంటలకొద్దీ సన్నటి సెగ మీద మగ్గబెట్టి చేసే టెక్సస్ వంటకం ఇది. చలి ముదిరినప్పుడు ఇంటిల్లిపాదికీ ఒకే గిన్నెలో వండి పెట్టుకోవడానికి దీన్ని మించింది నాకైతే తెలియదు, పైగా వండిన రోజు కంటే మర్నాడు ఇంకా బాగుంటుంది. రెసిపీలకు కొదవ లేదు కానీ చాలావాటిలో కీమా వేయించు, టమాటా డబ్బా పొయ్యి, పొడి చల్లు, అరగంటలో దించు అని ఉంటుంది. అలా చేస్తే బీన్స్ తేలుతున్న టమాటా సాస్ వస్తుంది, తినొచ్చు, తప్పేం లేదు, కానీ అందులో చిల్లీ రుచి ఉండదు. ఈ వంటకి అసలు బలం ఎండుమిర్చి ముద్దలో ఉంది. దాన్ని సరిగ్గా చేసుకుని, మాంసాన్ని బాగా ఎర్రగా వేయించి, తర్వాత తొందరపడకుండా వదిలేస్తే మిగతాదంతా మీ ఇష్టం. బీన్స్ వేసుకోండి, మానేయండి, చాక్లెట్ వేసుకోండి, ఎవరూ అడగరు.

(టెక్సస్ వాళ్ళు అడుగుతారు. అది తర్వాత చెప్తాను.)

ముందుగా పొడి సంగతి తేల్చుకుందాం

అమెరికన్ రెసిపీలో "చిల్లీ పౌడర్ 3 టేబుల్‌స్పూన్లు" అని కనిపిస్తే వంటింట్లో ఉన్న కారం డబ్బా తీసి మూడు స్పూన్లు గుమ్మరించేయకండి, ఆ రాత్రి ఎవరూ అన్నం ముట్టరు. వాళ్ళు ఆ పేరుతో అమ్మేది మసాలా మిశ్రమం. కారం తక్కువగా ఉండే మిరపపొడిలో జీలకర్ర, ఒరెగానో, వెల్లుల్లి పొడి కలిపి ఉంటాయి, కొన్ని బ్రాండ్లలో ఉప్పు కూడా ఉంటుంది. జర్మనీ నుంచి టెక్సస్ వచ్చి న్యూ బ్రౌన్‌ఫెల్స్‌లో స్థిరపడిన విలియం గెబ్‌హార్ట్ 1890ల్లో ఇలాంటి పొడిని తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాక చిల్లీ ఇళ్ళలోకి బాగా వచ్చింది, ఎందుకంటే అంతవరకూ ప్రతిసారీ ఎండుమిర్చి నానబెట్టి నూరుకోవాల్సిందే.

ఆ పొడి దొరక్కపోతే ఇంట్లోనే కలుపుకోవచ్చు. పాప్రికా (రంగు ఎక్కువ, కారం తక్కువ ఉండే మిరపపొడి) 3 టేబుల్‌స్పూన్లు, వేయించిన జీలకర్ర పొడి 1 టేబుల్‌స్పూన్, ఎండు ఒరెగానో 2 టీస్పూన్లు, వెల్లుల్లి పొడి 2 టీస్పూన్లు, మామూలు కారం అర టీస్పూన్. వారం మధ్యలో ఆఫీసు నుంచి వచ్చి వండాలంటే ఇది చాలు. తీరిక ఉన్న రోజు మాత్రం పొడి జోలికి పోకుండా మిరపకాయలతోనే మొదలుపెట్టండి, తేడా మొదటి చెంచాలోనే తెలుస్తుంది.

ఏ మిరపకాయలు

ఒకే రకం మిర్చి వాడితే రుచి ఒకే చోట ఆగిపోతుంది. అందుకని రెండు మూడు రకాలు కలుపుతారు, ఒక్కొక్కదానికి ఒక్కో పని.

ఆంచో అనేది పండిన పొబ్లానో మిర్చిని ఎండబెట్టింది. వెడల్పుగా, ముడతలు పడి, నలుపు తిరిగిన ఎరుపులో ఉంటుంది, కొంచెం కిస్‌మిస్‌లా తియ్యగా అనిపిస్తుంది, కారం చాలా తక్కువ. గ్రేవీకి చిక్కదనం ఇచ్చేది ఇదే. గ్వాహీయో నున్నగా, పలచటి తోలుతో, ముదురు ఎరుపులో ఉంటుంది. రంగు, కాస్త పుల్లదనం దీని వాటా. ఆర్బోల్ సన్నగా చిన్నగా ఉంటుంది, ఘాటంతా అందులోనే. చిపోట్లే అంటే పండిన హలపేన్యోని పొగబెట్టి ఎండబెట్టింది, సాస్‌లో ఊరిన రూపంలో డబ్బాల్లో కూడా దొరుకుతుంది, ఒకటి రెండు వేస్తే కట్టెల పొయ్యి మీద వండినట్టు పొగ వాసన వస్తుంది.

అంకెల్లో చెప్పాలంటే, మిర్చి ఘాటుని కొలిచే స్కోవిల్ కొలత మీద ఆంచో సుమారు 1,000 నుంచి 2,000, గ్వాహీయో 2,500 నుంచి 5,000, ఆర్బోల్ 15,000 నుంచి 30,000 దాకా ఉంటాయి. ఇంటిల్లిపాదీ తినే వంట కాబట్టి పై రెండిటినే ఎక్కువగా పెట్టుకుని ఆర్బోల్‌ని ఒకటీ రెండుతో ఆపేయడం మంచిది. కారం తర్వాత ఎప్పుడైనా పెంచుకోవచ్చు, తగ్గించడమే తలనొప్పి.

ఇవేవీ దొరకవా? వంట ఆపేయనక్కర్లేదు. రంగు ఎక్కువ, కారం తక్కువ ఉండే వెడల్పాటి ఎండుమిర్చి 10 నుంచి 12 తీసుకోండి, ఘాటుకి మామూలు ఎండుమిర్చి రెండు కలపండి, పొగ వాసనకి స్మోక్డ్ పాప్రికా ఒక టీస్పూన్, ఆంచో తీపి కోసం నానబెట్టిన కిస్‌మిస్ ఒక టేబుల్‌స్పూన్ ముద్దలోనే వేసి నూరేయండి. అచ్చంగా అదే రుచి అనను గానీ దగ్గరికి వస్తుంది.

ఏ మిర్చి కొన్నా వంచి చూడండి. తాజాగా ఉన్నది కొంచెం సాగుతూ వంగుతుంది. పట్టుకోగానే పొడుం అయిపోతే అది చాలాకాలం నుంచి నిల్వ ఉన్నది, వాసన కూడా పోయి ఉంటుంది.

మిగతా సరుకులు, ఆరు నుంచి ఎనిమిది మందికి

మాంసం కిలో పావు. బీఫ్ అయితే భుజం దగ్గరి చక్ భాగం అడగండి, ఎందుకంటే అందులో కొవ్వు, నరాల్లాంటి కొలాజెన్ రెండూ ఉంటాయి. ఆ కొలాజెన్ నెమ్మదిగా ఉడికితే జెలటిన్‌గా మారి గ్రేవీకి ఆ జిగట, నునుపు ఇస్తుంది. మెత్తగా, కొవ్వు లేకుండా, ఖరీదుగా ఉండే భాగాలు ఇక్కడ పనికిరావు, రెండు గంటలు ఉడికితే పీచుపీచుగా ఎండిపోతాయి. బీఫ్ తినని ఇంట్లో మటన్ భుజం ముక్కలు, పోర్క్ షోల్డర్, చికెన్ తొడ మాంసం, టర్కీ కీమా, ఏదైనా చేసుకోవచ్చు, ఉడికే టైమే మారుతుంది.

ఎండు రాజ్మా 250 గ్రాములు, లేదా 400 గ్రాముల డబ్బాలు రెండు. ఆంచో 4, గ్వాహీయో 4, ఆర్బోల్ 1 లేదా 2. పెద్ద ఉల్లిపాయలు 2, క్యాప్సికం 1, వెల్లుల్లి 8 రెబ్బలు. టమాటా 400 గ్రాములు, టమాటా పేస్ట్ 2 టేబుల్‌స్పూన్లు. జీలకర్ర ఒకటిన్నర టేబుల్‌స్పూన్, ఎండు ఒరెగానో 2 టీస్పూన్లు, బిర్యానీ ఆకు 1. ఉప్పులేని చికెన్ లేదా బీఫ్ స్టాక్ 750 మిల్లీలీటర్లు, అది లేకపోతే వేడినీళ్ళు. నూనె 3 టేబుల్‌స్పూన్లు. చివర్లో వేయడానికి మాసా అనే మొక్కజొన్న పిండి 2 టేబుల్‌స్పూన్లు, తియ్యదనం లేని కోకో పొడి 2 టీస్పూన్లు, బ్రౌన్ షుగర్ 1 టీస్పూన్, నిమ్మరసం లేదా వెనిగర్ 1 టేబుల్‌స్పూన్. ఉప్పు మొత్తం మీద రెండున్నర టీస్పూన్ల దాకా పడుతుంది, ఒకేసారి వేయకండి.

గిన్నె మాత్రం అడుగు మందంగా ఉండాలి. పలచటి గిన్నెలో చిల్లీ అడుగంటడం ఖాయం.

ముందు రాత్రి: బీన్స్

రాజ్మాని రాత్రి లీటరున్నర నీళ్ళలో ఒక టేబుల్‌స్పూన్ ఉప్పు వేసి నానబెట్టండి. ఉప్పునీళ్ళలో నానితే తొక్క మెత్తబడి ఉడికేటప్పుడు పగలదు. పొద్దున ఆ నీళ్ళు పారబోసి, కడిగి, కొత్త నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టండి.

ఇక్కడ ఒక విషయం సరదాగా తీసుకోకూడదు. ఎర్ర రాజ్మా పచ్చిగా ఉన్నప్పుడు అందులో ఫైటోహీమాగ్లుటినిన్ అనే లెక్టిన్ (కడుపుని పాడుచేసే ఒక రకం ప్రోటీన్) ఎక్కువగా ఉంటుంది, సరిగా ఉడకని గింజలు కొద్దిగా తిన్నా కొన్ని గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. నీళ్ళు కుతకుత మరుగుతుండగా కనీసం 10 నిమిషాలు ఉడికితే అది పోతుంది, అరగంట మరిగిస్తే ఇంకా నిశ్చింత. స్లో కుకర్ వాడేవాళ్ళు మరీ జాగ్రత్త, అందులో వేడి మరుగుదాకా వెళ్ళకపోవచ్చు, కాబట్టి నానిన పచ్చి రాజ్మాని నేరుగా దాంట్లో వేయొద్దు. ముందు పొయ్యి మీద మరిగించి ఉడికించి తర్వాతే వేయండి. ప్రెషర్ కుకర్లో ఈ బాధ లేదు, నాలుగైదు విజిల్స్ రానిచ్చి, సెగ తగ్గించి ఇంకో పది నిమిషాలు ఉంచితే సరిపోతుంది. మామూలు గిన్నెలో అయితే గంట, పాత గింజలైతే ఇంకా ఎక్కువ పడుతుంది. వేలితో నొక్కితే నలగాలి, ముద్ద మాత్రం అయిపోకూడదు.

బీన్స్ విడిగా ఎందుకు, చిల్లీలోనే ఉడకవా అంటే, టమాటాలో ఉన్న పులుపు గింజల తొక్కని గట్టిగా పట్టి ఉంచుతుంది. గంటలు గడిచినా లోపల పలుకు పోదు, ఈలోగా మాంసం పీచు అయిపోతుంది.

ఇప్పుడు టెక్సస్ వాళ్ళ గొడవ. అక్కడ గట్టి అభిమానుల లెక్కలో చిల్లీ అంటే మాంసం, మిరపకాయలు, మసాలా, అంతే, బీన్స్ వేస్తే అది చిల్లీ కాదు. 1967లో చిల్లీ వంట పోటీలు మొదలైన టెర్లింగ్వా అనే టెక్సస్ ఊళ్ళో ఇప్పటికీ పోటీ గిన్నెలో బీన్స్, మాకరోనీ, బియ్యంలాంటివి వేయనివ్వరు. 1977లో టెక్సస్ శాసనసభ దీన్ని రాష్ట్ర వంటకంగా ప్రకటించింది, కాబట్టి వాళ్ళ పట్టుదల అర్థం చేసుకోవచ్చు. ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్ళు కలిసి తినేదానికి నా ఓటు బీన్స్‌కే. మాంసం అంతే ఉన్నా ఇంకో ముగ్గురికి సరిపోతుంది, కడుపు నిండుతుంది, పైగా కారాన్ని కూడా కాస్త మింగేస్తాయి.

ఎండుమిర్చి ముద్ద

తొడిమలు తీసి, కత్తెరతో నిలువుగా చీల్చి గింజలు దులిపేయండి. గింజలు రుచికేమీ కలపవు, నూరినా గరగరలాడుతూ నోటికి తగులుతాయి. చేతికి గ్లవ్స్ ఉంటే మంచిది, లేకపోతే పని అయ్యేదాకా కళ్ళ దగ్గరికి చెయ్యి పోనివ్వకండి.

నూనె లేకుండా పెనం మధ్యస్థంగా వేడి చేసి, మిరపకాయల్ని పరిచి గరిటెతో అదిమిపెట్టండి. ఒక్కో వైపు 20 నుంచి 30 సెకన్లు. తోలు కొంచెం ఉబ్బుతుంది, రంగు ఒక ఛాయ మారుతుంది, ఒక్కసారిగా తియ్యటి వాసన గది అంతా పరుచుకుంటుంది, అక్కడే తీసేయాలి. ఆ వాసన ఘాటెక్కి దగ్గు వచ్చిందంటే మాడుతోందని గుర్తు. నల్లగా మాడిన కాయ ఒక్కటి ఉన్నా ముద్దంతా చేదు ఎక్కుతుంది, మొహమాటపడకుండా పారేయండి. ఆర్బోల్ చిన్నది కాబట్టి దానికి పది సెకన్లు చాలు.

వేయించినవాటిని గిన్నెలో వేసి మునిగేలా వేడినీళ్ళు పోసి, పైన చిన్న ప్లేటు బోర్లించి 20 నుంచి 30 నిమిషాలు వదిలేయండి. మెత్తబడ్డాక నానిన నీళ్ళు ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూడండి. చేదుగా లేకపోతే నూరడానికి అవే వాడండి, చేదుగా ఉంటే స్టాక్ వాడండి. వెల్లుల్లి సగం, ఒక కప్పు ద్రవం వేసి మిక్సీలో వెన్నలా అయ్యేదాకా తిప్పండి. తొక్కలు తగులుతుంటే జల్లెడలో వడకట్టండి, గ్వాహీయో తోలు కాస్త మొండిది. ఈ ముద్ద ఎక్కువ చేసి పెట్టుకుంటే ఫ్రీజర్లో నెలల తరబడి ఉంటుంది, తర్వాతిసారి సగం పని తప్పుతుంది.

మాంసం వేయించడం

చక్ అయితే రెండున్నర సెంటీమీటర్ల ముక్కలు కోయండి. ఉడికాక కుంచించుకుపోతాయి కాబట్టి మరీ చిన్నవి వద్దు. ఒకటిన్నర టీస్పూన్ ఉప్పు పట్టించి అరగంట పక్కన పెట్టి, వేయించే ముందు పేపర్ టవల్‌తో తడి లేకుండా అద్దండి. తడి ఉంటే ఆ నీరు ఆవిరయ్యేదాకా ముక్క వేగదు, ఉడుకుతుంది అంతే. బూడిద రంగు తిరిగిన మాంసంలో రుచి ఎక్కడి నుంచి వస్తుంది?

గిన్నెలో నూనె బాగా కాగాక ముక్కల్ని మూడు నాలుగు విడతలుగా వేయండి, ముక్కకీ ముక్కకీ మధ్య ఖాళీ కనిపించాలి. వేశాక కదపకండి. మూడు నాలుగు నిమిషాలకు అడుగువైపు ముదురు గోధుమరంగు పట్టు కడుతుంది, అప్పుడు అదే గిన్నెని వదులుతుంది. ముక్క అంటుకుపోయి రాకపోతే ఇంకా టైముందని అర్థం. రెండు వైపులు ఎర్రబడితే చాలు, నాలుగు వైపులా తిప్పుతూ కూర్చోనక్కర్లేదు. అన్నీ ఒకేసారి కుమ్మరిస్తే గిన్నె చల్లబడి నీళ్ళు ఊరిపోతాయి, ఇక ఎంతసేపు ఉంచినా ఎరుపు రాదు. ఈ వంటలో ఎక్కువమంది బద్ధకించేది ఇక్కడే.

కీమాతో చేస్తే పద్ధతి వేరు. వేయగానే గరిటెతో పొడి పొడి చేయకుండా, పెద్ద అట్టులా గిన్నె అడుగున అదిమి, ఒక వైపు బాగా ఎర్రబడేదాకా వదిలి, అప్పుడు విరగ్గొట్టండి. సగం ఎర్రగా, సగం మెత్తగా ఉంటుంది. మొత్తం కరకరలాడేలా వేయిస్తే తర్వాత ఎంత గ్రేవీలో ఉడికినా ఇసుకలా తగులుతుంది.

వేయించినవన్నీ పళ్ళెంలోకి తీసి, ఊరిన రసంతో సహా పక్కన పెట్టండి. గిన్నె అడుగున అంటిన గోధుమరంగు పొరని కడగకండి, మాడి నల్లబడితే తప్ప. సగం రుచి అందులోనే ఉంది.

గ్రేవీ కట్టడం

సెగ తగ్గించి, అదే గిన్నెలో సన్నగా తరిగిన ఉల్లిపాయ, క్యాప్సికం, చిటికెడు ఉప్పు వేయండి. ఉల్లిపాయలో ఊరే నీరే అడుగున ఉన్న పొరని వదిలిస్తుంది, గరిటెతో గీకుతూ ఉండండి. ఎనిమిది పది నిమిషాలకు మెత్తబడి అంచులు రంగు తిరుగుతాయి. మిగిలిన వెల్లుల్లి దంచి వేసి, అప్పుడే వేయించి కచ్చాపచ్చాగా నలిపిన జీలకర్ర, అరచేతిలో నలిపిన ఒరెగానో వేసి నిమిషం తిప్పండి. టమాటా పేస్ట్ వేసి ఇటుక రంగు వచ్చేదాకా, రెండు మూడు నిమిషాలు.

ఇప్పుడు మిరప ముద్ద. వేయగానే చిటపటమని ఎగురుతుంది, మూత అడ్డం పెట్టుకోండి. దీన్ని వేయించడంలో తొందర వద్దు. మొదట ప్రకాశవంతమైన ఎరుపులో, పచ్చి వాసనతో ఉంటుంది. నాలుగైదు నిమిషాలు అడుగు నుంచి కలుపుతూ ఉంటే చిక్కబడి ముదురు రంగుకి తిరుగుతుంది, గరిటెతో పక్కకి నెడితే వెనక ఖాళీ అయిన చోట నారింజ ఎరుపు నూనె ఊరి నిలబడుతుంది. మిరపలోని రంగూ ఘాటూ రెండూ నూనెలో కరిగేవే, అందుకే నూనె తేలేదాకా వేగిన ముద్దకీ, నీళ్ళలో కలిపేసిన ముద్దకీ అంత తేడా.

టమాటా చిదిమి వేయండి, స్టాక్ పోయండి, బిర్యానీ ఆకు వేయండి, మాంసాన్ని రసంతో సహా తిరిగి వేయండి. ముక్కలు సరిగ్గా మునిగితే చాలు, పైన రెండంగుళాలు నీళ్ళు తేలితే అది సూప్ అవుతుంది. బీన్స్ ఇప్పుడే వద్దు.

సన్నటి సెగ, ఓపిక

ఒక పొంగు రానిచ్చి సెగ బాగా తగ్గించండి. ఉపరితలం మీద అక్కడొకటి ఇక్కడొకటి బుడగ వస్తే సరైన వేడి, 85 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ మధ్య. గలగల మరిగితే మాంసం బిగుసుకుని తనలోని నీరంతా బయటికి కక్కేస్తుంది. మూత కొంచెం వారగా పెట్టి, ఇరవై నిమిషాలకోసారి అడుగు నుంచి కలపండి.

చక్ ముక్కలకి రెండు నుంచి రెండున్నర గంటలు. మటన్ లేతదైతే గంటన్నర, ముదురైతే చక్ లాగే. కీమాకి గంట సరిపోతుంది, చికెన్ తొడకి 45 నిమిషాలు. గడియారం కంటే ముక్కని నమ్మండి, చెంచా అంచుతో నొక్కితే విడిపోవాలి. గంటన్నరకి మాంసం గట్టిగా రబ్బరులా ఉందని చాలామంది కంగారుపడి పెద్దమంట పెడతారు, కొలాజెన్ ఇంకా కరగలేదు అంతే, ఇంకో అరగంట వదిలేస్తే దానంతటదే లొంగుతుంది.

ఓవెన్ ఉంటే గిన్నెని మూతతో సహా 150 డిగ్రీల ఓవెన్లో పెట్టేయండి. వేడి అన్ని వైపుల నుంచీ వస్తుంది కాబట్టి అడుగంటే భయం తగ్గుతుంది, కలపడం కూడా ఒకటి రెండుసార్లతో సరి. ప్రెషర్ కుకర్లో ముక్కలకి అరగంట చాలు, కానీ నీరు ఆవిరైపోదు కాబట్టి స్టాక్ మూడో వంతు తగ్గించి, చివర్లో మూత తీసి చిక్కబడేదాకా మరిగించాలి. స్లో కుకర్ అయితే "లో" (తక్కువ వేడి) సెట్టింగ్ మీద ఏడెనిమిది గంటలు. దేంట్లో వండినా వేయించే పనులు మాత్రం ముందు పొయ్యి మీద చేసుకోవాల్సిందే, పచ్చివన్నీ వేసి మూత పెట్టేస్తే ఆ రుచి రాదు.

దించడానికి అరగంట ముందు ఉడికిన బీన్స్ వేయండి. గ్రేవీ పలచగా ఉంటే గుప్పెడు బీన్స్ చిదిమి వేస్తే చిక్కబడుతుంది. డబ్బా బీన్స్ అయితే కడిగి చివరి 20 నిమిషాల్లో వేయాలి.

చివరి పావుగంట

మాసా పిండిని అరకప్పు నీళ్ళలో ఉండల్లేకుండా కలిపి పోసి పది నిమిషాలు ఉడకనివ్వండి. ఇది సున్నపు నీటిలో ఉడికించిన మొక్కజొన్నతో చేసిన పిండి, చిక్కదనంతో పాటు దానికంటూ ఒక కమ్మటి వాసన ఉంది. దొరక్కపోతే మామూలు మొక్కజొన్న పిండి, అదీ లేకపోతే నలిపిన టోర్టియా చిప్స్.

తర్వాత కోకో, బ్రౌన్ షుగర్. కోకో అనగానే ముఖం చిట్లించకండి, ఆ మోతాదులో చాక్లెట్ రుచి తెలియదు, రంగు ముదురుతుంది, వెనకాల సన్నటి చేదు నిలబడుతుంది. మంట ఆపాక నిమ్మరసం. రెండు గంటలు ఉడికిన వంట రుచి ఎంత బాగున్నా కాస్త బరువుగా, మందంగా అనిపిస్తుంది, పులుపు పడగానే మిరప రుచి పైకి లేస్తుంది. ఉప్పు ఇప్పుడే సరిచూడాలి, ముందే సరిపెడితే నీరు ఇగిరాక ఎక్కువవుతుంది. గిన్నె పొయ్యి మీద నుంచి దించి పావుగంట ఆగి అప్పుడు వడ్డించండి, నాలుక కాలే వేడిలో ఉప్పూకారం సరిగా తెలియవు.

తేడా వస్తే

కారం ఎక్కువైతే నీళ్ళు పోయకండి. ఇంకొన్ని బీన్స్, కొంచెం టమాటా వేసి మోతాదు పెంచండి, ప్లేట్లో సోర్ క్రీమ్ లేదా గట్టి పెరుగు పెట్టండి. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్, మిరపకి ఘాటునిచ్చే క్యాప్సెసిన్‌ని పట్టుకుని నాలుక మీద నుంచి లాగేస్తుంది, నీళ్ళు తాగితే ఆ ఉపయోగం ఉండదు. చప్పగా ఉందనిపిస్తే ముందు ఉప్పు, తర్వాత నిమ్మ, ఆ తర్వాతే కారం. చాలాసార్లు ఉప్పుతోనే పని అయిపోతుంది. చేదు తగిలితే చక్కెర అర టీస్పూన్ చొప్పున వేస్తూ చూడండి, మిరప బాగా మాడి ఉంటే మాత్రం చక్కెర కూడా కాపాడలేదు.

అడుగంటి మాడు వాసన వస్తే గరిటె పెట్టి గీకొద్దు. వెంటనే పైభాగాన్ని మరో గిన్నెలోకి వంపేయండి, అడుగుది అక్కడే వదిలేయండి.

ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆర్బోల్‌ని ముద్దలో కలపకుండా విడిగా కొంచెం నూనెతో నూరి చిన్న గిన్నెలో టేబుల్ మీద పెట్టండి, ఎవరికి కావలసినంత వాళ్ళు కలుపుకుంటారు. రెండు రకాలుగా వండే టెన్షన్ ఉండదు.

మాంసం లేకుండా

ముద్ద, గ్రేవీ అంతా అదే. మాంసం బదులు అరకిలో మష్రూమ్స్‌ని చిన్నగా తరిగి, నీరంతా పోయి గోధుమరంగు వచ్చేదాకా పెద్దమంట మీద వేయించండి, 100 గ్రాముల వాల్‌నట్స్ దోరగా వేయించి కచ్చాపచ్చాగా నలిపి కలపండి. బీన్స్ రెండు మూడు రకాలు వేసి మోతాదు రెట్టింపు చేయండి. సోయాసాస్ ఒక టేబుల్‌స్పూన్ వేస్తే మాంసం లేని లోటు చాలావరకు తీరుతుంది. 45 నిమిషాల్లో అయిపోతుంది.

దేనితో తినాలి

తురిమిన చెడార్, సన్నగా తరిగిన పచ్చి ఉల్లిపాయ, కొత్తిమీర, హలపేన్యో చక్రాలు, ఒక చెంచా సోర్ క్రీమ్, పక్కన నిమ్మబద్ద. ఇవన్నీ చిన్న గిన్నెల్లో పెట్టి ఎవరి బౌల్ వాళ్ళని అలంకరించుకోమంటే పిల్లలు కూడా మారాం చేయకుండా తింటారు. అమెరికాలోనే సిన్సినాటి నగరంలో వేరే సంప్రదాయం ఉంది. 1920ల్లో మాసిడోనియా నుంచి వచ్చినవాళ్ళు అక్కడ మొదలుపెట్టిన చిల్లీ పలచగా, దాల్చినచెక్క వాసనతో ఉంటుంది, దాన్ని స్పఘెట్టీ మీద పోసి పైన చీజ్ గుట్టగా వేస్తారు. అది ఈ చిక్కటి చిల్లీకి దూరపు చుట్టం, కానీ మిగిలినదాన్ని పాస్తా మీద వేసుకోవాలన్న ఆలోచన మాత్రం భేషైనది.

చలిరోజున నేను ముందు చూసేది కార్న్‌బ్రెడ్. మొక్కజొన్న రవ్వ 150 గ్రాములు, మైదా 125 గ్రాములు, బేకింగ్ పౌడర్ 1 టేబుల్‌స్పూన్, చక్కెర 2 టేబుల్‌స్పూన్లు, ఉప్పు అర టీస్పూన్ కలిపి, గుడ్డు ఒకటి, పాలు 240 మిల్లీలీటర్లు, కరిగిన వెన్న 60 గ్రాములు వేసి ఎక్కువ తిప్పకుండా కలపండి. ఓవెన్లో వేడెక్కిన పెనంలో పోసి 200 డిగ్రీల దగ్గర 20 నుంచి 25 నిమిషాలు. పెనం ముందే వేడిగా ఉంటే అంచులు కరకరలాడతాయి. చిల్లీ చివరి అరగంటలో ఉన్నప్పుడు మొదలుపెడితే రెండూ ఒకేసారి టేబుల్ మీదికి వస్తాయి.

నిల్వ

వండిన గిన్నెని రాత్రంతా పొయ్యి మీదే వదిలేయకండి, చలికాలమైనా సరే. మందంగా ఉంటుంది కాబట్టి మధ్యలో గంటల తరబడి గోరువెచ్చగా ఉండిపోతుంది, బ్యాక్టీరియాకి కావలసింది అదే. లోతు తక్కువున్న డబ్బాల్లోకి సర్ది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయండి. మూడు నాలుగు రోజులు ఉంటుంది. మర్నాటికి పైన కొవ్వు నారింజరంగు పొరలా గడ్డకడుతుంది, ఎక్కువనిపిస్తే చెంచాతో తీసేయండి, కానీ మొత్తం తీసేయొద్దు, మిరప రుచి అందులో చాలా ఉంది.

ఫ్రీజర్లో పెట్టాలంటే జిప్ కవర్లలో ఒక్కొక్క పూటకి సరిపడా నింపి, గాలి తీసి, పలకల్లా చదునుగా పరిచి గడ్డకట్టనివ్వండి, తక్కువ చోటు పడుతుంది, త్వరగా కరుగుతుంది. రెండు మూడు నెలల్లోపు వాడేస్తే రుచి చెడదు. ముందు రాత్రి ఫ్రిజ్‌లోకి మార్చి, తెల్లారాక గిన్నెలో పావుకప్పు నీళ్ళతో సన్నటి సెగ మీద పెట్టి, మధ్యలో కూడా 74 డిగ్రీలు దాటేలా పొగలు కక్కేదాకా వేడి చేయండి. సోర్ క్రీమ్, చీజ్ మాత్రం గడ్డకట్టించే ముందు కలపకండి, కరిగాక విరిగినట్టు అయిపోతాయి.